‘డ్రై’ అంటే తడి లేనిదా? ‘పచ్చ’ అంటే రంగా? రోజువారీ వైట్ వైన్ సీసా మీది మాటల లెక్క

మన ఊళ్లలో ‘వైన్స్’ అని పెద్ద బోర్డు పెట్టుకున్న షాపులో అన్నిటికన్నా తక్కువ కనపడేది వైనే. విస్కీ, బ్రాందీ, బీరు అరల నిండా ఉంటాయి. వైన్ మాత్రం ఓ మూల నాలుగు సీసాలు, వాటిలోనూ ‘పోర్ట్’ అన్న పేరుతో ఒకటో రెండో తియ్యటివి. మనలో చాలామందికి వైన్ అంటే మొదట తెలిసిన రుచి ఆ తీపే. అలాంటి నాలిక మీద ‘లైట్, డ్రై వైట్ బ్లెండ్’ పడితే ఏమవుతుందో ఆ మధ్య డాలస్‌లో చూశాను.

మా అన్నయ్య యాభయ్యో పుట్టినరోజు. పెరట్లో అందరం కూర్చున్నాం. వదిన కొరమీను దొరక్క తిలాపియాతో అపోలో ఫిష్ చేస్తోంది. అన్నయ్య ఫ్రిజ్‌లోంచి లేత ఆకుపచ్చ సీసా ఒకటి తీశాడు. వీన్యో వెర్దే, పోర్చుగల్ సరుకు. మా పిన్ని ఎన్నడూ ముట్టదు, ఆ రోజు మాత్రం రుచి చూస్తానంది. సీసా తిప్పి వెనక చదివి, “డ్రై అని రాశారేంట్రా, తడిగానే ఉందిగా!” అంది. ఒక గుక్క తాగి మొహం ముడుచుకుంది. “చారులో చింతపండు ఎక్కువైనట్టుంది. పైగా నాలిక మీద చిటపటలాడుతోంది. సోడా కలిపారా?” పక్కనే అన్నయ్య, “నాకైతే కాస్త తియ్యగానే ఉందమ్మా” అన్నాడు.

సీసా ఒకటే. ఒకరికి చింతపండు, ఇంకొకరికి తీపి. లేబుల్ మీద డ్రై. పేరులో పచ్చ, గ్లాసులో దాదాపు నీళ్ల రంగు. పిన్ని అడిగిన ప్రతి ప్రశ్నకీ సరైన జవాబు ఉంది, కాకపోతే అవన్నీ ఒకే చోట దొరకవు. సీసా మీది ఒక్కో మాటకి ఒక్కో యజమాని: ఒకదాన్ని చట్టం రాసింది, ఒకటి ల్యాబ్‌లో తేలింది, ఇంకొకటి అమ్మేవాళ్లు తగిలించింది. విడివిడిగా చూస్తేనే చిక్కు వీడుతుంది.

పేరులో పచ్చదనం ఎక్కడిది

పోర్చుగీసులో వీన్యో అంటే వైన్, వెర్దే అంటే పచ్చ. ఇది ఒక ద్రాక్ష రకం పేరు కాదు, ఒక ప్రాంతం పేరు. పోర్చుగల్ వాయవ్య మూల, ఉత్తరాన మీన్యో నది, దక్షిణాన డౌరో నది పరిసరాల మధ్య ఉన్న నేల. 1908లో చట్టం చేసి దీనికి హద్దులు గీశారు. ఇప్పుడు లోపల 9 ఉప ప్రాంతాలున్నాయి: మొన్సావ్-మెల్గాసో, లీమా, కావదో, ఆవె, బాస్టో, సోజా, అమరాంటె, బయావ్, పైవా. ఏది వీన్యో వెర్దే, ఏది కాదు అని తేల్చే కమిషన్ ఆఫీసు పోర్టో నగరంలో ఉంది.

మన ‘పోర్ట్’ వైన్‌కి పేరిచ్చింది కూడా ఆ పోర్టో నగరమే. అసలు పోర్ట్ పక్కనే ఉన్న డౌరో లోయది. ద్రాక్షరసం పులుస్తుండగా మధ్యలో ద్రాక్ష నుంచి తీసిన ఘాటు స్పిరిట్ పోసి ఆపేస్తారు. అందుకే చక్కెర మిగిలిపోతుంది, మద్యం 20 శాతం చుట్టుపక్కలకి ఎక్కుతుంది. పక్కపక్క లోయల్లో పుట్టినా ఒకటి తీపికీ ఘాటుకీ పేరుపడ్డది, ఇంకొకటి పులుపుకీ తేలికదనానికీ.

‘పచ్చ’ అని ఎందుకన్నారనే దాని మీద రెండు వాదాలున్నాయి. పచ్చి మామిడి, పచ్చి టమాటా అన్నట్టు ఇది ‘పచ్చి’ వైన్, అంటే ముదరకుండా లేతగా తాగేది అని ఒక వాదం. అట్లాంటిక్ వానలకి ఏడాది పొడుగునా పచ్చగా ఉండే నేల గనక ఆ పేరొచ్చిందని ఇంకొకటి. తెలుగువాళ్లకి మొదటిది ఇట్టే అర్థమవుతుంది, ఎందుకంటే మన భాషలోనూ రంగుకీ పక్వానికీ ఒకే మాట ఉంది. కానీ ఒక్క జాగ్రత్త: పండని కాయలతో చేస్తారని దీని అర్థం కాదు. కాయలు పండాకే కోస్తారు.

ఇంకో తమాషా ఏమిటంటే వీన్యో వెర్దే తెల్లదే అయి ఉండాలని లేదు. రోజా రంగుదీ ఉంది, ఎర్రదీ ఉంది. నిజానికి గత శతాబ్దంలో చాలాకాలం అక్కడ ఎర్రదే ఎక్కువగా తయారయ్యేది. వీన్యావ్ అనే ద్రాక్షతో చేసిన ఆ వైన్ సిరాలా ఉంటుంది, పల్లెల్లో దాన్ని తెల్ల పింగాణీ గిన్నెల్లో పోసుకుని తాగుతారు. మామూలుగా నల్ల ద్రాక్షకి రంగంతా తొక్కలోనే ఉంటుంది, లోపలి గుజ్జు తెల్లనే. వీన్యావ్‌కి గుజ్జు కూడా ఎర్రనే. వైట్ వైన్‌లో రంగు లేకపోవడానికి కారణమూ ఇక్కడే ఉంది: కాయల్ని పిండగానే తొక్కల్ని వేరు చేసేస్తారు, ఉత్త రసాన్నే పులియబెడతారు.

పందిరెక్కిన ద్రాక్ష, తేలికపడిన వైన్

ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ తోటలు చూసినవాళ్లకి ద్రాక్ష పందిరి తెలుసు. తలెత్తి నడిస్తే గుత్తులు నెత్తికి తగిలేవి. వీన్యో వెర్దే నేలలోనూ పాత పద్ధతి దాదాపు అదే. చిన్న కమతాలు, కుటుంబానికి ఉన్నదే అరెకరమో ఎకరమో. అందులో మొక్కజొన్న, బంగాళాదుంప, క్యాబేజీ పండాలి. ద్రాక్షకి నేల కేటాయిస్తే తిండికి ఉండదు. అందుకని తీగని గట్ల మీది చెట్లకి పాకించారు, లేదా ఎత్తుగా పందిరి వేశారు. కింద కూరగాయలు, పైన ద్రాక్ష. నిచ్చెనలెక్కి కోసేవాళ్లు.

ఇప్పుడు ఈ తీగ ఎలా పండుతుందో ఊహించండి. బ్రాగా లాంటి ఊళ్లలో ఏడాదికి 1,400 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడుతుంది. హైదరాబాద్‌కి 800 పైచిలుకే. తేమకి తీగ విపరీతంగా ఆకు వేస్తుంది, గుత్తులు ఆకు నీడలో, నేల వేడికి దూరంగా ఉంటాయి. కాయలో చక్కెర నెమ్మదిగా చేరుతుంది, పులుపు తగ్గకుండా నిలబడుతుంది. ఈ రోజుల్లో ఎక్కువ తోటలు తీగల వరసలుగా మారిపోయాయి, పందిళ్లు తగ్గాయి. అయినా వానా, సముద్రపు గాలీ మారలేదు కదా.

వైన్‌లో ‘లైట్’ ఎక్కణ్నుంచి వస్తుందో ఈ చక్కెర చెబుతుంది. ఈస్ట్ చక్కెరని తిని మద్యంగా మారుస్తుంది. ఉజ్జాయింపు లెక్క: లీటరు రసంలో 17 గ్రాముల చక్కెర పులిస్తే 1 శాతం మద్యం. లీటరుకి 170 గ్రాములున్న రసం పూర్తిగా పులిస్తే 10 శాతం వైన్. ఎండ బాగా కాసే చోట పండి, 230 గ్రాములున్న రసమైతే 13.5 శాతం. మామూలు వీన్యో వెర్దే సీసాల మీద మీకు ఎక్కువగా కనపడే అంకె 9 నుంచి 11.5 మధ్య ఉంటుంది. మొన్సావ్-మెల్గాసోలో పండే అల్వరీన్యో ద్రాక్షతో చేసింది మాత్రం అంతకన్నా ఎక్కువే ఉంటుంది. కొండలు అడ్డుగా ఉండటంతో ఆ లోయకి సముద్రపు తాకిడి తక్కువ, వేసవి వేడి ఎక్కువ.

‘లైట్’ అన్న మాటని తయారీదారు చెప్పుకునే మాటగానే తీసుకోవాలి. నమ్మాల్సింది శాతం అంకెని, అది కూడా కొంచెం అటూ ఇటూగా. యూరప్‌లో లేబుల్ అంకెకీ అసలుకీ మధ్య సాధారణంగా అర శాతం తేడాని ఒప్పుకుంటారు. అమెరికాలో 14 శాతం లోపు వైన్లకి ఆ వెసులుబాటు 1.5 శాతం దాకా ఉంది.

‘డ్రై’కి చట్టం గీసిన గీత

పిన్ని అడిగింది ఇదే కదా. డ్రై అంటే తీపి లేనిది, అంతే. ఈస్ట్ చక్కెర దాదాపు అంతా తినేసిందని అర్థం. తెలుగులో ‘పొడి వైన్’ అని అనువదిస్తే నవ్వులాటే అవుతుంది. అసలు చిక్కు అనువాదంలో లేదు. నోరు ఎండిపోయినట్టు, నాలిక పట్టేసినట్టు అనిపించే రుచిని కూడా చాలామంది డ్రై అంటారు. ఆ రుచికి ఇంగ్లిష్‌వాళ్లు తడుముకుంటారుగానీ మనకి నిక్షేపంలా మాట ఉంది: వగరు. రెడ్ వైన్‌లో తొక్కల నుంచీ గింజల నుంచీ వచ్చేది అదే. వగరు వేరు, డ్రై వేరు. తొక్క తీసేసి చేసిన వైట్ వైన్‌లో వగరు పెద్దగా ఉండదు, అయినా అది డ్రై కావచ్చు.

మరి ‘చక్కెర లేనిది’ అంటే సున్నానా? ఇక్కడే చట్టం వస్తుంది. యూరప్ నిబంధన ప్రకారం బుడగలు లేని వైన్‌ని డ్రై అనాలంటే లీటరుకి 4 గ్రాములకి మించి చక్కెర మిగలకూడదు. కానీ దానికొక మినహాయింపు ఉంది: 9 గ్రాముల దాకా ఉన్నా డ్రై అనొచ్చు, అయితే పులుపు ఆ చక్కెరకి 2 గ్రాములకి మించి తగ్గకుండా ఉండాలి. పులుపుని టార్టారిక్ ఆమ్లంగా లెక్కకడతారు. ఆ టార్టారిక్ ఆమ్లం మనకి పరాయిదేం కాదు, చింతపండు పులుపులో ప్రధానంగా ఉండేది అదే. పిన్నికి చారు గుర్తొచ్చిందంటే ఆవిడ నాలిక ల్యాబ్ అంత పని చేసిందన్నమాట.

మూడు ఊహా సీసాలు పక్కపక్కన పెట్టి చూద్దాం. మొదటిదానిలో లీటరుకి చక్కెర 3 గ్రాములు, పులుపు 6. ఏ పేచీ లేదు, డ్రై. రెండోదానిలో చక్కెర 8.5, పులుపు 7. తేడా 1.5 మాత్రమే గనక ఇదీ డ్రై. మూడోదానిలో చక్కెర అదే 8.5, పులుపు 5.5. తేడా 3 అయింది, కాబట్టి డ్రై కాదు, ‘మీడియం డ్రై’. రెండో సీసాలోనూ మూడో సీసాలోనూ చక్కెర ఒక్కటే, లేబుల్ మాత్రం మారిపోయింది. నిమ్మరసంలో చక్కెర వేసుకునే ఎవరికైనా ఇందులోని న్యాయం తెలుసు: పులుపు ఎక్కువుంటే అంతే చక్కెర తక్కువగా తెలుస్తుంది. చట్టం నాలికనే అనుసరించింది.

అయితే అన్నయ్య నాలికా అబద్ధం చెప్పలేదు. లీటరుకి 8 గ్రాములుంటే 150 మిల్లీలీటర్ల గ్లాసులో 1.2 గ్రాములు, పావు చెంచాకి కాస్త అటూ ఇటూ. తీపి పట్టేయడంలో చురుకైన నాలికకి అది తెలిసిపోతుంది. పోలిక కోసం, మామూలు కోలాలో లీటరుకి 106 గ్రాముల దాకా ఉంటుంది.

ఇంకో రెండు మెలికలున్నాయి. బుడగలు లేని వైన్ మీద డ్రై అని రాయడం తప్పనిసరి కాదు, ఇష్టముంటే రాసుకోవచ్చు. రాయలేదు గనక తియ్యనిది అనుకోవద్దు, అలాగని డ్రై అనీ అనుకోవద్దు. రెండోది ఇంకా గమ్మత్తు: షాంపేన్ లాంటి బుడగల వైన్లకి కొలబద్ద వేరు. వాటి మీద ‘డ్రై’ అని ఉంటే లీటరుకి 17 నుంచి 32 గ్రాముల చక్కెర ఉందని అర్థం. ఒకే మాట, ఒక సీసా మీద తీపి లేదని, ఇంకో సీసా మీద తీపి ఉందని చెబుతుంది. ఈ పద్ధతి పెట్టినవాళ్లని తిట్టుకోవడంలో తప్పులేదు.

ఈ మధ్య కాస్త తెరిపి దొరికింది. 2023 డిసెంబర్ 8 తర్వాత తయారైన వైన్లకి యూరప్‌లో పోషకాల వివరాలు ఇవ్వడం తప్పనిసరి చేశారు. చాలామంది సీసా మీద క్యూఆర్ కోడ్ పెడుతున్నారు. ఫోన్‌తో కొడితే 100 మిల్లీలీటర్లకి చక్కెర ఎంతో వస్తుంది. దాన్ని 10తో గుణించి పైన చెప్పిన గీతలతో పోల్చుకుంటే సరి.

ఆ చిటపట సోడాదా?

ఒకరకంగా అవును. కానీ మొదట్లో అది ఎవరూ కలిపింది కాదు. ద్రాక్షలో టార్టారిక్‌తో పాటు మాలిక్ అనే ఆమ్లం ఉంటుంది, పచ్చి ఆపిల్ కొరికితే పళ్లు జివ్వుమనిపించేది అదే. చలికాలంలో వైన్‌ని సీసాల్లో పోసి పెడితే, ఎండాకాలం దగ్గరపడేసరికి లోపల మిగిలిన బ్యాక్టీరియా నిద్రలేచి ఆ మాలిక్‌ని లాక్టిక్ ఆమ్లంగా, అంటే పెరుగులో ఉండే మెత్తటి పులుపుగా మార్చేది. ఈ మార్పులో కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. బిరడా బిగించి ఉంది గనక ఎటూ పోలేక వైన్‌లోనే కరిగేది. మూత తియ్యగానే చిటపట. దాంతో పాటు వైన్ కొంచెం మసకబారేది, అడుగున మడ్డి చేరేది.

తాగేవాళ్లకి చిటపట నచ్చింది, మడ్డి నచ్చలేదు. పెద్ద ఎత్తున చేసేవాళ్లు వైన్‌ని వడగట్టి తేటగా చేసి, సీసాలో నింపేటప్పుడు కొంచెం గ్యాస్ ఎక్కించడం మొదలుపెట్టారు. ఇప్పుడు మార్కెట్లో దొరికే చవక సీసాల్లో చిటపట ఎక్కువగా అలా వచ్చిందే. గ్యాస్ ఒత్తిడి సాధారణంగా 1 బార్ లోపే ఉంటుంది కాబట్టి చట్టం దీన్ని బుడగల వైన్‌గా లెక్కపెట్టదు. 1 నుంచి 2.5 బార్ దాకా ఉంటే సెమీ స్పార్క్‌లింగ్ అంటారు.

అక్కడ కొత్తతరం రైతుల్లో కొందరికి ఈ గ్యాస్ అంటే చిరాకు. ద్రాక్షలో దమ్ము లేకపోతే కప్పిపుచ్చడానికి పనికొస్తుందని, తమ నేల రుచిని చవకబారుగా చూపిస్తోందని అంటారు. వాళ్లు చిటపట లేకుండా, ఒకే ద్రాక్షతో, రెండు మూడేళ్లు నిలవుండేలా చేస్తున్నారు. పెద్ద కంపెనీల వాదన వేరు: ప్రపంచం వీన్యో వెర్దే పేరు గుర్తుపట్టిందే ఈ చిటపట వల్ల, 1939 నుంచి అమ్ముడవుతున్న కజాల్ గార్సియా లాంటి సీసాలే దాన్ని దేశదేశాలకి మోశాయి, తాగేవాడు కోరుకునేది ఇవ్వడంలో తప్పేముంది? ఎగుమతి సీసాల్లో కాస్త తీపి మిగల్చడం మీద కూడా ఇదే తగువు. నా మటుకు నాకు చిటపటతో ఇబ్బంది లేదు. మండుటెండలో గోళీసోడా తాగి పెరిగినవాణ్ని, నా తీర్పు అటువైపే మొగ్గుతుంది, దాన్ని ఆ లెక్కలోనే తీసుకోండి.

బ్లెండ్ అంటే కల్తీ అనుకునేవాళ్లకి

‘కలిపారు’ అన్న మాట మన దగ్గర మంచి మాట కాదు. పాలల్లో నీళ్లు కలిపారు, కారంలో రంగు కలిపారు. అందుకే ‘బ్లెండ్’ అని సీసా మీద గొప్పగా రాసుకుంటే వింతగా ఉంటుంది. కానీ మన వంటింట్లోనే ఇంకో రకం కలపడం ఉంది. ఆవకాయకి ఘాటు కోసం ఒక మిరప, రంగు కోసం బ్యాడిగి మిరప అని లెక్కచూసి కారం పట్టించే ఇళ్లున్నాయి. ఏ ఒక్కటీ మొత్తం పని చెయ్యదు గనక రెండూ కావాలి. (ఆ మిరపకాయని మన దేశానికి తెచ్చిందీ పోర్చుగీసులే.) వైన్ బ్లెండ్ ఆ కోవలోది.

వీన్యో వెర్దే వైట్‌లో తరచూ కలిసే రకాలు నాలుగైదు. లోరేరో పూల వాసన ఇస్తుంది. లోరేరో అంటే బే ఆకు చెట్టు, మన బిర్యానీ ఆకు కాదు, దానికి దూరపు చుట్టం. అరింటో నిమ్మలాంటి పులుపునిస్తుంది, అక్కడివాళ్లు దాన్ని పెడెర్నా అని కూడా అంటారు. ట్రజడూరా పులుపు తక్కువదై, నోట్లో నిండుగా ఉంటుంది. అజాల్ ఇంకా పుల్లన. అల్వరీన్యో అన్నిట్లో పేరున్నది, ఖరీదైనది. నది అవతల స్పెయిన్‌లో దాన్నే అల్బరీన్యో అంటారు.

కలిపితే ఏం జరుగుతుందో అంకెల్లో చూద్దాం. ఇవి అర్థం కావడానికి వేసుకున్న అంకెలు మాత్రమే. లోరేరో వైన్‌లో పులుపు లీటరుకి 7 గ్రాములు, మద్యం 10.5 శాతం. ట్రజడూరాలో 5 గ్రాములు, 12 శాతం. అరింటోలో 9 గ్రాములు, 11 శాతం. వీటిని 50, 30, 20 పాళ్లలో కలిపితే పులుపు 3.5 + 1.5 + 1.8, అంటే 6.8 గ్రాములు. మద్యం 5.25 + 3.6 + 2.2, అంటే 11 శాతం చిల్లర. ఉత్త అరింటో తాగితే పళ్లు పులుస్తాయి, ఉత్త ట్రజడూరా చప్పగా ఉండొచ్చు. కలిపితే తాగబుల్‌గా తయారైంది. పై ఏడాది వానలెక్కువై అరింటో పులుపు 10కి పోతే దాని పాలు 12కో 15కో తగ్గిస్తారు. రైతుకి వాతావరణం మీద అదుపు లేదు, పాళ్ల మీద ఉంది. ఏటా ఒకే రుచిలో, ఒకే ధరకి దొరకాల్సిన సీసాకి బ్లెండ్ తప్ప దారి లేదనడం అతిశయోక్తి కాదు.

మరి ఒకే ద్రాక్ష పేరున్న సీసాలు స్వచ్ఛమైనవా? యూరప్ నిబంధన ప్రకారం ఒక రకం పేరు లేబుల్ మీద వేయాలంటే అందులో 85 శాతం ఆ రకం ఉంటే చాలు. మిగతా 15 శాతం ఇంకేదైనా కావచ్చు. ఏడాది విషయంలోనూ అదే 85 శాతం. వీన్యో వెర్దేలో చాలా చవక సీసాల మీద అసలు ఏడాదే ఉండదు. అలాంటిది కొంటే దాచుకోకుండా ఆ సీజన్‌లోనే తాగేయాలి, ఊరగాయలా ఊరేకొద్దీ బాగుపడే సరుకు కాదిది.

‘రోజూ తాగే’ అన్న మాట ఎవరిది

‘ఎవ్రీడే వైన్’ అన్నది ధర గురించి, సందర్భం గురించి చెప్పే మాట. పండక్కి కట్టే పట్టుచీర, ఇంట్లో కట్టే నూలుచీర లాంటి తేడా. భోజనం బల్ల మీద నీళ్ల జగ్గు పక్కన వైన్ జగ్గు ఉండే దేశంలో పుట్టిన మాట అది. పోర్చుగల్ తలసరి వైన్ వాడకంలో ప్రపంచంలోనే ముందు వరసలో ఉంది. ఆ మాటకి మన ఇంటి అర్థం అతికిస్తే కొంప మునుగుతుంది.

లెక్క చూద్దాం. 10 శాతం వైన్ 150 మిల్లీలీటర్ల గ్లాసులో 15 మిల్లీలీటర్ల స్వచ్ఛమైన మద్యం ఉంది, బరువులో 12 గ్రాములు. మన దగ్గర 42.8 శాతం విస్కీ చిన్న పెగ్గు, అంటే 30 మిల్లీలీటర్లలో, 12.8 మిల్లీలీటర్లు. ‘లైట్’ వైన్ ఒక గ్లాసు, చిన్న పెగ్గు కన్నా కొంచెం ఎక్కువే. అదే 13.5 శాతం వైన్ అయితే 20 మిల్లీలీటర్లు. మొత్తం సీసాలో, 10 శాతానికి, 75 మిల్లీలీటర్లు. చల్లగా, పుల్లగా, చిటపటలాడుతూ ఉంటుంది గనక గ్లాసు త్వరగా ఖాళీ అవుతుంది, తేలిక అన్న మాట అక్కడ మోసం చేస్తుంది.

మితంగా తాగితే, భోజనంతో తాగితే గుండెకి మంచిదన్న మాట దశాబ్దాలుగా వింటున్నాం. ఆ అధ్యయనాల్లో తాగనివాళ్ల గుంపులో జబ్బు చేసి మానేసినవాళ్లూ కలిసిపోయారని, పోలికే తప్పిందని తర్వాత చాలామంది పరిశోధకులు ఎత్తిచూపారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో మద్యానికి సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రకటించింది. వైన్ దేశాల్లో చాలామంది దీన్ని ఒప్పుకోరు. భోజనంతో నెమ్మదిగా తాగే అలవాటునీ, తాగి పడిపోయే అలవాటునీ ఒకే గాటన కడుతున్నారని వాళ్ల అభ్యంతరం. తాగే తీరుని బట్టి ప్రమాదం హెచ్చుతగ్గులవుతుందన్నది నిజం. హెచ్చుతగ్గులవడం వేరు, సున్నా అవడం వేరు.

మన దేశంలో దిగుమతి వైన్ ‘ఎవ్రీడే’ కాకపోవడానికి ఇంకో కారణం పన్ను. చాలా ఏళ్లుగా విదేశీ వైన్ మీద కస్టమ్స్ సుంకం 150 శాతంగా ఉంటూ వచ్చింది. రేవులో 500 రూపాయల ధర పలికే సీసా, ఆ ఒక్క సుంకంతోనే 1,250 అవుతుంది. దాని మీద రాష్ట్ర ఎక్సైజ్, డీలరు, షాపు మార్జిన్. అమెరికాలో 10 డాలర్ల లోపు దొరికే సీసా ఇక్కడ హోటల్ మెనూలో విందు సరుకైపోతుంది. 2022 డిసెంబర్ చివర అమల్లోకి వచ్చిన ఆస్ట్రేలియా ఒప్పందంలో సుంకం తగ్గించారుగానీ, సీసా దిగుమతి ధర కనీసం 5 డాలర్లు ఉంటేనే. అంటే తగ్గింపు ఖరీదైన సీసాకి దక్కింది, చవకదానికి దక్కలేదు. నాసిక్ వైన్ రైతులకి పోటీ రాకూడదన్నది దీని వెనక ఆలోచన. యూరప్‌తో జరిగిన చర్చల్లోనూ వైన్ సుంకం పెద్ద పేచీల్లో ఒకటి.

పులుసు పక్కన పెడితే

పోర్టోలో జూన్ 23 రాత్రి సావ్ జువావ్ పండగనాడు వీధుల్లో నిప్పుల మీద కవళ్లు కాలుస్తారు, పక్కన ఈ వైన్ ఉంటుంది. ఉప్పు, నూనె, చేప, పులుపు. మన నెల్లూరువాళ్లకో భీమవరంవాళ్లకో వేరే చెప్పాలా.

కారానికి ఈ వైన్ ఎందుకు పనికొస్తుందంటే మద్యం తక్కువ గనక. మద్యం శాతం పెరిగేకొద్దీ నోట్లో మంట పెరుగుతుంది, 14 శాతం రెడ్ వైన్‌తో కోడి వేపుడు తింటే ఆ సంగతి తెలుస్తుంది. మిగిలిన ఆ కాస్త చక్కెర మంటని కొంచెం తగ్గిస్తుంది కూడా. చింతపండు దట్టంగా పట్టిన పులుసుతో మాత్రం జాగ్రత్త. తినేది తాగేదానికన్నా పుల్లగా ఉంటే వైన్ ఉత్త నీళ్లలా తోస్తుంది. వేపుడు మంచి జోడీ, పులుసు కాదు. ఎనిమిది, పది డిగ్రీల చల్లదనం ఉండాలి. డాలస్ ఎండకైనా విజయవాడ ఎండకైనా ఐసు బకెట్ తప్పదు.

ఆ రోజు వదిన అపోలో ఫిష్ ప్లేటు తెచ్చి పెట్టింది. పైన నిమ్మకాయ పిండి ఉంది, ఉప్పు కాస్త ముందుకే ఉంది. పిన్ని రెండు ముక్కలు తిని, అలవాటుగా పక్కనున్న గ్లాసు ఎత్తి, గుక్క మింగాక గానీ అది మంచినీళ్ల గ్లాసు కాదని గమనించలేదు. ఒక్క క్షణం ఆగింది. “ఇప్పుడంత పుల్లగా లేదేంట్రా? వేరే సీసా తీశారా?” అంది. సీసా అదే. ఉప్పూ నిమ్మరసమూ తగిలిన నాలికకి వైన్ పులుపు తగ్గి తెలుస్తుంది. ఆ సంగతి చెప్పబోయేలోపే ఆవిడ గ్లాసు అవతలికి జరిపి, “మజ్జిగ ఉందా?” అని వదినని అడిగింది.